చల్లనయ్య చెప్పాల్సిన మాట

మా మరిదిని చేపల మార్కెట్లో అందరూ చల్లనయ్య అంటారు. రోజంతా ఉండేది ఐసు దగ్గర, మాట్లాడేది నాలుగంటే నాలుగు మాటలు, కోపం వస్తే ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఇంకేం పేరు పెడతారు? నోట్లో నాలుక లేనివాడంటారే, అచ్చం ఆ బాపతు. నేను అతని వదినను. మార్కెట్ గేటు పక్కన టీ కొట్టు నాదే. నా నాలుక సంగతి మీకే తెలుస్తుంది.

ఆ మనిషి ఒక్క మాట చెప్పాల్సి వచ్చింది. ఒకే ఒక్క మాట. అది అతని నోటి నుంచి బయటికొచ్చేలోపు మా ఇంట్లో ఒక ఆడపిల్ల ఏడేళ్లు పడ్డ అగచాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కాబట్టి మధ్యలో ఎక్కడైనా గొంతు పెంచితే ఏమీ అనుకోకండి.

ముందు అతని పని చెప్పాలి. తెల్లారకముందే ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు దిగుతాయి. ఒక్కోటి నా నడుమంత ఎత్తుంటుంది. కొక్కెం తగిలించి, తడి నేల మీద జార్చుకుంటూ తెచ్చి మిషన్లో వేస్తే అది గరగరమని పొడి చేస్తుంది. ఆ పొడిని పారతో ఎత్తి పెట్టెల్లో పరుస్తారు. అడుగున ఐసు, దాని మీద చేపలు, మళ్లీ ఐసు. పెద్ద చేపైతే పొట్టలో కూడా కాస్త కూరాలి. ఇంతేనా, ఎవరైనా చేస్తారనుకునేరు! ఐసు చాలకపోతే సరుకు దారిలోనే కంపు కొడుతుంది, గడ్డలు గడ్డలుగా పడితే చేప ఒళ్లు నలిగిపోతుంది. మా మరిది కట్టిన పెట్టెను ఎంత దూరం పోయి విప్పినా చేప కళ్లు తేటగా ఉంటాయని మా ఆయన చెబుతాడు. ఆ పెట్టెల్ని తోలుకెళ్లే వ్యాను డ్రైవరు మా ఆయనే. తమ్ముడు కాబట్టి పొగిడాడని కొట్టిపారేయకండి. పెళ్లయి ఇన్నేళ్లయినా నా టీ బాగుందని ఒక్కసారి అన్న పాపాన పోలేదు ఆ మనిషి.

పీతల లెక్క వేరు. వాటిని బతికుండగానే పంపాలి, చచ్చినదాన్ని ఎవరూ ముట్టుకోరు. కాళ్లు కట్టేసి, తడిపిన గోనెపట్టాలో చుట్టి, పైన ఐసు పెడతారు. ఆ చలికి పీత నిద్రపోతుంది. దారిలో కరుచుకోవు, పెనుగులాడవు. దించాక కాసేపు బయట పెడితే ఒక్కో కాలూ కదిలిస్తూ లేస్తుంది. ఇందులో మా మరిదిది అందెవేసిన చెయ్యి. అతను పెట్టిన బుట్టలో చచ్చిన పీత కనబడిందంటే మార్కెట్లో అదొక వార్త.

ఇక మా అత్తగారు. మార్కెట్ లోపల మూడో వరసలో ఆవిడ బండ ఉంది, నాపరాయి బల్ల. మామగారు పోయాక ఇద్దరు కొడుకుల్ని ఆ బండ మీదే పెంచింది. ఆ కష్టం కష్టమే, కాదనను. కానీ గొంతు! ఆవిడ లోపల "రండమ్మా రండి" అంటే గేటు దగ్గర నా గ్లాసులు మోగుతాయి. మార్కెట్లో ఆవిడను మైకు అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, పైగా గర్వం.

ఆవిడ అమ్ముతుంది, పక్కనే చిన్న పీట మీద కూర్చుని చిన్నకోడలు పొలుసు గీకి, కడిగి, ముక్కలు కోసి ఇస్తుంది. ఆ చిన్నకోడలే నా తోడికోడలు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది కదా, మా ఇద్దరి దగ్గర ఆ సామెత పనిచెయ్యదు. అది నన్ను అక్కా అంటుంది, నేను దాన్ని పిల్లా అంటాను. నా ఇద్దరు పిల్లలు నా కన్నా దాని చంకలోనే ఎక్కువ పెరిగారు. పెళ్లయిన రెండేళ్ల దాకా ఎవరూ ఏమీ అనలేదు. మూడో ఏడు నుంచి మైకు మొదలైంది.

"మా చిన్నోడి ఇంట్లో ఇంకా ఏమీ లేదమ్మా. మావాడు బంగారం. ఏం లాభం, నేల బాగుండాలిగా!" అని చేప కొనడానికొచ్చిన ప్రతి ఆడమనిషితోనూ అనేది. తూకం వేస్తూ అనేది, చిల్లర ఇస్తూ అనేది. నేల అన్నది ఎవరినో వాళ్లకు తెలుసు, పక్కనే పొలుసు గీకుతున్న దానికీ తెలుసు. తలెత్తేది కాదు. గీకుడు మాత్రం ఒక్కోసారి జోరందుకునేది.

డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి దాన్ని తీసుకెళ్లింది నేనే. ఆవిడ ఆ రోజే చెప్పింది, "ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి. మీవారిని కూడా తీసుకురండి" అని. ఇది ఇంటికెళ్లి మొగుణ్ణి అడిగింది. "నాకేమైంది?" అన్నాడట చల్లనయ్య, అని పొగాకు నలుపుకుంటూ బయటికెళ్లిపోయాడట. ఇంక చూడండి, రక్తం తీశారు, స్కానింగ్ తీశారు, లోపలికి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ చివరిదానికి అది నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని మూలిగింది. అన్నీ బాగున్నాయన్నారు. బాగున్నాయని ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "బాగుంటే మరి పిల్లలు పుట్టరేం?" అంది.

ఆఖరికి డాక్టరమ్మ, "పొట్టకు చిన్న గాటు పెట్టి గొట్టంతో లోపల చూడొచ్చు. కానీ అంతకుముందు మీ ఆయన పరీక్ష నా బల్ల మీద ఉండాలి. అది లేకుండా నేను కత్తి పట్టను" అని తెగేసి చెప్పింది. ఆ తల్లికి దండం పెట్టాలి. తిన్నగా నా కొట్టు దగ్గరికొచ్చి, టీ తాగడానికొచ్చిన మా మరిదిని పట్టుకున్నాను.

"ఇలా రావయ్యా. టీ తరవాత, ముందు నా మాట విను. రేపు ఆస్పత్రికి వెళ్తున్నావు."

"నాకేమైంది వదినా? జ్వరం కూడా రాదు నాకు."

"జ్వరం రానివాళ్లందరికీ పిల్లలు పుడతారని ఎవరు చెప్పారు నీకు? అది ఎన్ని సూదులు పొడిపించుకుందో తెలుసా? ఎన్నిసార్లు బల్లెక్కి పడుకుందో తెలుసా? నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్కసారి, ఒక చిన్న డబ్బాలో..." అని అక్కడ ఆగిపోయాను. ఎంత నోరున్నదాన్నయినా మరిదితో ఆ ముక్క ఎలా అంటాను? అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను గ్లాసులు కడగడం మొదలుపెట్టాను. మర్నాడు మాత్రం వెళ్లాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. వెళ్లొచ్చావా అంటే వెళ్లొచ్చానన్నాడు, ఏమన్నారంటే ఇంకా చెప్పలేదన్నాడు. పనిలో దిగితే దిగినట్టే, తిండికి కూడా రావడం మానేశాడు. ఒకరోజు మధ్యాహ్నం బేరాల వేళ నా తోడికోడలు కొట్టు దగ్గరికొచ్చింది. చేతులకు పొలుసులు అలాగే అంటుకుని ఉన్నాయి. కడుక్కోకుండా రాదు అది.

"అక్కా, ఆయన నన్ను వెళ్లిపొమ్మంటున్నారు."

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గరికి. నీకింకా వయసుంది, ఇంకెవర్నయినా చేసుకో అన్నారు. ఎందుకని అడిగితే చెప్పరు. అత్తయ్య మాట ఆయన బుర్రకీ ఎక్కేసింది అక్కా." అని, ఏడవకుండా అలా నిలబడింది. ఏడ్చినా బాగుండేది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గిన్నె దించి, స్టవ్ ఆర్పి, సరాసరి ఐసు గదికి పోయాను. అందులో లైటు ఒక్కటే, అదీ పొగమంచు పట్టినట్టుంటుంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. అతను పార ఆనించుకుని పెట్టె మీద కూర్చున్నాడు.

"ఏం మాటయ్యా అది, దాన్ని పొమ్మన్నావట? మీ అమ్మ చేసేది చాలక నువ్వు కూడానా? అది ఏం తప్పు చేసింది?"

"అది చేసిందేమీ లేదు వదినా." పార కొసతో నేల మీది ఐసు గీకాడు. "నాలోనే ప్రాణం లేదు."

"అంటే?"

"అవి కదలడం లేదంట. ఒక్కటి కూడా. ల్యాబు అమ్మాయి చెప్పింది. డాక్టర్ని కలవమంది, ఇంకేం కలుస్తాం? ఒక్కటీ కదలడం లేదంటే ఇంకేముంది?" అని, రబ్బరు చేతితొడుగుతోనే కళ్లు తుడుచుకున్నాడు. కోపంగా వెళ్లినదాన్ని నీరుగారిపోయాను. అంత మనిషి అలా ఏడుస్తుంటే ఎవరికి కోపం నిలుస్తుంది? పక్కన ఇంకో పెట్టె బోర్లించుకుని కూర్చున్నాను.

జరిగింది అతనే చెప్పుకొచ్చాడు. ఆస్పత్రిలో ఒక చిన్న గది చూపించారట. కుర్చీ, వాష్‌బేసిను, సరిగ్గా పడని గొళ్లెం, తలుపవతల ఎవరిదో దగ్గు. అతని వల్ల కాలేదు. ఆ అమ్మాయి జాలిపడి, "పోనీ ఇంటి దగ్గరే పట్టి గంటలోపల తెచ్చివ్వండి. జాగ్రత్త, పాడవకూడదు" అని డబ్బా చేతికిచ్చి పంపిందట.

"అన్నీ జాగ్రత్తగానే చేశాను వదినా. మూత గట్టిగా బిగించాను. కవరులో చుట్టాను. కొత్త ఐసు కొట్టి..."

"ఏం కొట్టి?"

"ఐసు. మన ఫ్లాస్కులో అడుగునా పైనా ఐసు పరిచి మధ్యలో డబ్బా పెట్టాను. పాడవకూడదందిగా."

అతను ఇంకా సర్దిచెబుతున్నాడు. "చలికి కదలవని నాకు తెలీదా? పీతలూ కదలవు. దారిలో నిద్రపోయినా అక్కడ లేస్తాయిలే అనుకున్నా. ఆస్పత్రి గేటు దగ్గర బయటికి తీసి, తడి తుడిచి, గుప్పిట్లో పెట్టుకుని ఎండలో కూడా నిలబడ్డాను. వెచ్చబడ్డాకే లోపలికిచ్చాను."

ఓరి నా తండ్రీ! నవ్వకూడదు, ఏడుస్తున్న మనిషి ముందు అస్సలు నవ్వకూడదు. కానీ ఆపుకోలేకపోయాను. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అతను బిత్తరపోయి చూశాడు. "నీ పీతల తెలివి తగలెయ్య! అవి పీతలా అయ్యా, ఐసులో పెట్టి లేపడానికి?" అన్నాను. అది ఒంట్లో పుట్టిన సరుకు, ఒంటి వేడి లేకపోతే బతుకుతుందా అని నాకే అనుమానం వచ్చింది. అతని మొహంలో ముందు అయోమయం, తర్వాత చిన్న వెలుగు. సాయంత్రమే నా తోడికోడల్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది, నవ్వుకో మరి దేనికో. "ఒంటి వేడి ఎంతుందో ఆ వేడిలోనే తేవాలమ్మా. ఐసు తగిలితే వాటి కదలిక పోతుంది, మళ్లీ రాదు. విడమరిచి చెప్పకపోవడం మా తప్పు. ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోం. కొన్ని వారాలాగి మళ్లీ చేద్దాం" అంది.

ఈ సంగతి ఇంట్లో నలుగురి మధ్యే ఉండాల్సింది. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. తల్లికి చెప్పాడు, తల్లి మార్కెట్‌కు చెప్పింది. మైకుకు ఇంతకన్నా మంచి వార్త ఎక్కడ దొరుకుతుంది? "మావాడికి ఏ లోపమూ లేదు. అంతా ఐసు దెబ్బ!" అని మూడు వరసలకూ వినబడేలా చెప్పింది. వేలంపాట పాడే ఆయన ఆ వారమంతా, "చల్లనయ్యా, దీనికి ఐసు వెయ్యాలా, చంకలో పెట్టుకు తీసుకెళ్తావా?" అని ఆడుకున్నాడు. దిమ్మలు లాగే మగాళ్లందరూ విరగబడి నవ్వారు. మా మరిది కూడా నవ్వాడు. ఆ ఎగతాళి అతనికి కష్టంగా లేదు, హాయిగా ఉంది. తెలివితక్కువవాడంటే అన్నారు, మగాడు కాదని అనలేదు కదా.

రెండోసారి పద్ధతిగా జరిగింది. డబ్బాను చొక్కా లోపల, చంక కింద, ఒంటికి ఆనించుకుని మా ఆయన వ్యానులో వెళ్లాడు. ఫలితానికి మొగుడూ పెళ్లాం కలిసి మగవాళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నారు. లోపల జరిగింది నా తోడికోడలు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

"సంఖ్యకు లోటు లేదు. కదలికే తక్కువ. వందలో ముప్పై దాకా సూటిగా ముందుకు ఈదితే ఫరవాలేదంటాం. మీవాటిలో ఏడెనిమిది ఈదుతున్నాయి. కొన్ని ఉన్నచోటే కొట్టుకుంటున్నాయి. మిగతావి కదలడం లేదు. అండం దాకా వెళ్లాలంటే వాటికి చాలా దూరం. ఆ దూరం వెళ్లే ఓపిక వీటికి లేదు" అన్నాడట డాక్టరు.

"ఈసారి ఐసు పెట్టలేదు సార్."

"తెలుసు. ఇది ఐసు వల్ల వచ్చింది కాదు."

ఆ తర్వాత అతన్ని పడుకోబెట్టి చూశాడట. ఎడమవైపు వృషణం దగ్గర నరాలు ఉబ్బి ఉన్నాయి, అదొక కారణం కావచ్చు, చిన్న ఆపరేషన్‌తో కొంత మెరుగవ్వచ్చు, ఖాయంగా చెప్పలేనన్నాడు. పొగాకు ఈ రోజే మానెయ్యమన్నాడు. అవేవీ చాలకపోతే ల్యాబులో అండాన్నీ బీజాన్నీ కలిపే పద్ధతులున్నాయన్నాడు. "ఇది మగతనానికి సంబంధించింది కాదు, జలుబుకీ మగతనానికీ ఎంత సంబంధమో దీనికీ అంతే. భార్య పరీక్షలన్నీ చూశాను, ఆమెలో ఏ లోపమూ లేదు" అని కూడా అన్నాడు. ఒక్కటీ లేదన్నచోట ఏడెనిమిది ఉన్నాయి, గుడ్డి కన్నా మెల్ల నయం. నేనైతే ఆ పూట కొట్టులో టీ ఊరికే పోశాను.

కానీ ఇంటికొచ్చాక చూడండి మా మరిది నిర్వాకం. గుమ్మంలోనే మా అత్తగారు, "ఏమన్నాడ్రా డాక్టరు?" అంది. పక్కన పెళ్లాం నిలబడి ఉంది, నేనూ ఉన్నాను. అతను చెప్పులు విడుస్తూ, "ఐసు పెట్టకపోతే నయంగానే ఉందన్నారమ్మా" అన్నాడు.

అంతే. అబద్ధం కాదు, నిజమూ కాదు. పెళ్లాం వైపు చూడకుండా స్నానానికి పోయాడు. అది వంటింట్లోకి పోయింది. మా అత్తగారి గొంతు మాత్రం వీధిలోకి పోయింది. "నేను చెప్పలేదూ? మావాడు నిక్షేపంలా ఉన్నాడు! ఇక లోపమెక్కడుందో వేరే చెప్పాలా?"

చెప్పొద్దూ, నాకు అప్పుడే లోపలికెళ్లి అతన్ని స్నానాల గదిలోంచి ఈడ్చుకొచ్చి చెప్పించాలనిపించింది. నా తోడికోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దక్కా. నేను చెబితే మొగుడి మీదకి నెట్టేసిందంటారు. నువ్వు చెబితే తోడికోడల్ని వెనకేసుకొచ్చావంటారు. ఆయన నోటితో ఆయన చెబితేనే నమ్ముతారు. ఒట్టు పెట్టు, చెప్పనని."

ఒట్టు పెట్టాను. నోరున్న మనిషికి ఒట్టు పెట్టడమంటే ఏమిటో మీకేం తెలుసు? కడుపులో నిప్పులు పోసుకున్నట్టే. రోజూ అతను టీకి వచ్చేవాడు, రోజూ నేను అడిగేదాన్ని.

"చెప్పావా?"

"చెప్తాను వదినా. సమయం చూసి."

"సమయమేమైనా చేపా, ఐసు కొట్టి దాచుకోడానికి? అక్కడ మీ అమ్మ ఏమంటోందో నీకు వినబడటం లేదా?"

"అమ్మంటే భయం కాదు వదినా." గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "పొద్దున్నే వాళ్లందరితో కలిసి దిమ్మలు లాగాలి. ఐసు సంగతికి నవ్వారు, నవ్వనీ. దీనికి నవ్వితే నేను తట్టుకోలేను."

"వాళ్లు ఒక వారం నవ్వుతారు. దాన్ని ఏడేళ్లు ఏడిపించారు. నువ్వు తట్టుకోలేవని అది తట్టుకోవాలా?"

గ్లాసు పెట్టేసి లేచిపోయాడు. తిట్టాను కానీ, అతని భయం అబద్ధం కాదని నాకు తెలుసు. మార్కెట్ మగాళ్ల నోళ్లు నాకు తెలియనివా?

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఆఖర్న అదే అడుగుతారు. ఆపరేషన్ తర్వాత చేయించుకున్నాడు, పొగాకు మానేశాడు, కదలిక కాస్త పెరిగిందన్నారు. పిల్లలు పుట్టారా అంటే ఇంకా లేదు. పుడతారో లేదో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. నేను చెబుతున్నది ఆ మాట సంగతి.

ఆ మాట బయటికొచ్చిన రోజు మార్కెట్ కిటకిటలాడుతోంది. నేను లోపలి వరసలకు టీ గ్లాసుల తట్ట పట్టుకొచ్చాను. మా అత్తగారి బండ దగ్గర ఎప్పుడూ వచ్చే ఆవిడ ఒక పెద్ద చేప బేరమాడి కోయిస్తోంది. నా తోడికోడలు తల కోసి పక్కన పెట్టి, పొట్ట చీరుతోంది.

"మరి మీ చిన్నోడికి ఏమాలోచించారు?" అందావిడ.

"ఏముందమ్మా, ఇంకో సంబంధం చూస్తున్నాను. పిల్ల బాగుంది, ఆరోగ్యంగా ఉంది. ఎన్నాళ్లని చూస్తాం? మావాడు నిక్షేపంలా ఉన్నాడని డాక్టర్లే చెప్పాక ఇంకా ఈ బీడు పట్టుకు వేలాడమంటావా?" అంది మా అత్తగారు, ఆ గొంతుతోనే. పక్క బండలవాళ్లు అటు తిరిగి చూశారు. నా తట్టలో గ్లాసులు గలగలమన్నాయి.

రోజూలాగే బండకు ఐసు వెయ్యడానికి మా మరిది పెట్టె భుజానెత్తుకుని అప్పుడే వచ్చాడు. అంతా విన్నాడు. పెట్టె దించి నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. పెళ్లాం వంక చూశాడు. అది తలెత్తలేదు.

"అమ్మా!"

ఆ కేకకు నేనే ఉలిక్కిపడ్డాను. అతనికి అంత గొంతుందని మా ఎవరికీ తెలియదు. వేలంపాట ఆగిపోయింది.

"లోపం నాదేనమ్మా. దానిది కాదు. ఐసు పెట్టకుండా మళ్లీ చేశారు, అయినా నాదే తక్కువ. నా బీజానికి ఈదే బలం లేదు. ఆ రోజే డాక్టరు చెప్పాడు. నేను నీకు సగమే చెప్పాను. దానికి ఏ లోపమూ లేదు, ఏ రోజూ లేదు!"

ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకెవరూ అందుకోలేదు, వాడే దగ్గుతో కప్పేసుకున్నాడు. మా అత్తగారి మొహం పాలిపోయింది. ఆవిడ గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఇంట్లో చెప్పొచ్చుగా రా. ఇంతమందిలో నీ పరువు నువ్వే తీసుకుంటావా?"

"దాన్ని అన్నదంతా ఇంతమందిలోనే అన్నావు కదమ్మా. ఇంట్లో చెబితే వీళ్లకెవరు చెప్తారు?"

నా తోడికోడలు సంతోషిస్తుందనుకున్నాను. అది కత్తిని బండ మీద విసిరికొట్టింది. "ఏడేళ్లు!" అంది మొగుడితో. "మొదటి రోజే ఇద్దర్నీ రమ్మంది డాక్టరమ్మ. నేను మిమ్మల్ని అడిగాను. కాళ్లావేళ్లా పడ్డాను. నాకేమైంది అన్నారు. మొన్న తెలిసాక కూడా నా మొహం చూడకుండా వెళ్లిపోయారు. నేనేం చేశానని?" అని ఏడ్చింది, చిన్నపిల్లలా నోరు తెరిచి గట్టిగా. ఇన్నేళ్లలో దాని ఏడుపు మార్కెట్ వినడం అదే మొదలు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అతను, "అవును. తప్పు నాదే. తప్పంతా నాదే" అని తల దించుకుని అక్కడే నిలబడ్డాడు. పారిపోలేదు, అది మాత్రం చెప్పాలి.

సగం కోసిన చేప బండ మీద ఉండిపోయింది. కొన్న ఆవిడ సంచీ పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడింది. మా అత్తగారు చీర కొంగుతో చేతులు తుడుచుకుని కత్తి తీసుకోబోయింది. "లే అమ్మా, మొహం కడుక్కునిరా. నేను కోస్తాలే."

నా తోడికోడలు కత్తి ముట్టుకోనివ్వలేదు. ముక్కు ఎగబీల్చి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, చేపను దగ్గరకు లాక్కుంది.

"కోసే పని నాది అత్తయ్యా, నేను చేసుకుంటాను. మీరు నోటితో అన్నారు. నోటితోనే చెప్పండి, అప్పుడెవరెవరికి చెప్పారో వాళ్లందరికీ."

మా అత్తగారు తక్కెడ సర్దుకుంది, నీళ్లు చల్లింది, చేపల్ని అటూ ఇటూ మార్చింది. అంతలో ఒకావిడ బండ దగ్గర ఆగింది, పాత బేరమే. ఆవిడకు జరిగిందేదీ తెలియదు. మధ్య వరసలో ఉన్న చేపను వేలితో నొక్కి, "ఇదెంత?" అంది.

మా అత్తగారు ఆ చేప వంక చూసింది, కోడలి వంక చూసింది.

"లోపం మా అబ్బాయిదటమ్మా, కోడలిది కాదు" అంది. తర్వాత ధర చెప్పింది.